ఖాళీ కుర్చీకి చెప్పిన జబ్బు

ఉజ్వలా, ఇలా దగ్గరికి రామ్మా. ఆ ఫైలు కింద పెట్టు, దాన్నెవరూ ఎత్తుకుపోరు. నా గొంతు ఈమధ్య పైకి లేవడం లేదు, ఈ హీటరు మోతలో నీకు సగం మాటలు పోతాయి. ఇదిగో, మంచం మీదే కూర్చో. కాఫీ చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టుకుందాం.

నీ సంగతి మా కోడలు జయంతి చెప్పింది. విజయవాడలో ఆరేళ్ళు ఫిజియోథెరపీ చేశావట, పక్షవాతం వచ్చినవాళ్ళని లేపి నడిపించావట. ఇక్కడికొచ్చాక నీ చదువు కాగితాలు చూసి ఇంకా నాలుగు సబ్జెక్టులు చదవాలన్నారు. మాట్లాడే పరీక్షలో రెండు మార్కులు తగ్గాయి. అప్పట్నుంచీ "నా ఇంగ్లీషే బాలేదు మామ్మగారూ" అంటున్నావు. కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ మాట మా ఇంట్లో కూడా ఎనిమిది నెలలు మకాం వేసింది. అది ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెబుతాను.

నేను చదివింది ఐదో తరగతి. తేదీలు మాత్రం మర్చిపోను. మా జయంతి అమెరికాకి, ఈ నోవై ఊరికి వచ్చింది రెండువేల నాలుగు జనవరి పదకొండు, ఆదివారం. చంకలో ఆరునెలల నైనిక. మా అబ్బాయి శ్రీధర్ అప్పటికే ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు, బ్రేకుల పని చూస్తాడు. నేను అప్పట్లో ఆరు నెలలు ఇక్కడా ఆరు నెలలు అక్కడా ఉండేదాన్ని.

జయంతి బాపట్ల వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో ఏడేళ్ళు డాక్టరుగా చేసి వచ్చింది. పాము కరిచినవాళ్ళు, పురుగుమందు తాగినవాళ్ళు, జ్వరాలవాళ్ళు, రోజుకి నూట యాభై మందిని చూసేది. ఒకసారి నేను క్యారియరు తీసుకెళ్తే, ఆ జనంలోంచి దారి చేసుకుని ఆమె బల్ల దగ్గరికి చేరేసరికి సాంబారు సగం నా చీర మీదే ఉంది.

ఇక్కడ మొదటి నాలుగేళ్ళు డిపెండెంట్ వీసా. పని చేయకూడదు. ఇంట్లో కూర్చుని పరీక్షలకి చదివింది. పుస్తకాల పరీక్షలు రెండూ మొదటిసారికే పాసైంది. గ్రీన్‌కార్డు వచ్చాక, మూడో పరీక్ష అయ్యేలోగా ఖాళీగా ఎందుకని, దగ్గర్లో వృద్ధుల హోమ్‌లో చేరింది. డాక్టరుగా కాదు. పొద్దున్నే అందరికీ బీపీ చూసి చార్టులో రాసే పని. ఒకరోజు ఒక ముసలావిడ కాలు వాచి ఉండటం చూసి, ఇది మామూలు వాపు కాదు, రక్తం గడ్డకట్టి ఉంటుంది, వెంటనే స్కాన్ చేయించండని సూపర్‌వైజరుకి చెప్పిందట. ఆవిడేమో, "నీ పని నంబర్లు రాయడం" అందట. మా పిల్ల ఊరుకోలేదు, వాళ్ళ నర్సుని పట్టుకుని స్కాన్ చేయించింది. గడ్డే ఉంది. ఆ ముసలావిడ బతికింది. జయంతికి మాత్రం, హద్దు దాటావని కాగితం మీద మందలింపు వచ్చింది. ఇంటికొచ్చి ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టి పప్పుకి తాలింపు వేసింది. అదేమిటో నాకు శ్రీధర్ చదివి చెబితే తెలిసింది.

ఇక మూడో పరీక్ష. దానికి పుస్తకం ఉండదు. ఒక పెద్ద ఆఫీసులో పన్నెండు గదులు. ప్రతి గదిలోనూ ఒక మనిషి రోగి వేషం వేసుకుని కూర్చుంటాడు. డాక్టరు లోపలికెళ్ళి పావుగంటలో అడగాల్సినవి అడిగి, చూడాల్సినవి చూసి, మీకు ఫలానాది అయ్యుండొచ్చు, ఇకముందు ఇలా చేద్దాం అని చెప్పి బయటికి రావాలి. ఎలా మాట్లాడావో ఆ వేషం వేసినవాళ్ళే మార్కులు వేస్తారు. నేను విని నవ్వాను.

"వేషగాళ్ళ చేత మార్కులేయించుకోడానికా అమ్మాయ్, ఏడేళ్ళు వైద్యం చేశావు?" అన్నాను.

జయంతి నవ్వలేదు.

రెండువేల పది ఏప్రిల్లో మొదటిసారి వెళ్ళింది. పోయింది. వచ్చిన కాగితంలో ఎందుకు పోయిందో ఉండదమ్మా, గీతలు ఉంటాయంతే. జబ్బు కనిపెట్టడం అనేచోట గీత కుడివైపు కొసదాకా ఉంది. ఇంగ్లీషు దగ్గర మధ్యలో ఉంది. రోగితో వ్యవహరించే తీరు అనేచోట ఎడమ మూలనే ఆగిపోయింది.

"వ్యవహరించడమంటే మాట్లాడటమేగా. మాట్లాడటమంటే ఇంగ్లీషేగా" అన్నాడు శ్రీధర్. బ్రేకులు చూసేవాడు కదా, ఎక్కడ ఆగిందో వెంటనే తేల్చేశాడు.

అలా పట్టుకుంది ఆ మాట మా ఇంటిని. కారులో ఇంగ్లీషు సీడీలు, వంటింట్లో ఇంగ్లీషు వార్తలు. అద్దం ముందు నిలబడి నోట్లో గోలీ పెట్టుకున్నట్టు నాలుక తిప్పుకోవడం. ఏడేళ్ళ నైనిక పంతులమ్మ.

"నో అమ్మా, అలా కాదు. టంగ్ బయటికి రావాలి. లైక్ దిస్. చూడు నానమ్మా, అమ్మకి రావటం లేదు!"

"మీ అమ్మ నాలుక బయట పెట్టమని ఊరందరికీ చెప్పిన డాక్టరే, తన నాలుక ఎవరికి చూపించాలో తెలీక చూస్తోంది" అన్నాను.

ఆ ఇల్లు అలా నడుస్తుండగానే గడువు దగ్గరపడింది. ఈ దేశంలో డాక్టరు కావాలంటే మూడు పరీక్షలయ్యాక ఏదో ఒక ఆసుపత్రి మూడేళ్ళు ట్రైనింగులోకి తీసుకోవాలి. రెసిడెంటు అంటారు. చదువు పూర్తయి ఐదేళ్ళు దాటితే చాలా ఆసుపత్రులు అర్జీ కూడా చూడవు. డెట్రాయిట్ పక్కన ఒక్క ఆసుపత్రి మాత్రం పదిహేనేళ్ళ దాకా చూసేది. జయంతి చదువు పూర్తయింది తొంభయ్యారులో. అంటే అదే ఆఖరి ఏడాది. వాళ్ళు పిలిచి మాట్లాడారు, వాళ్ళకి నచ్చింది కూడా. ఫిబ్రవరి ఇరవైలోపు మూడో పరీక్ష పాసైన కాగితం చూపిస్తే పేరు జాబితాలో పెడతామన్నారు. చూపించకపోతే లేదు. పరీక్ష డిసెంబరు మూడున, చికాగోలో. ఈసారి పోతే జన్మంతా బీపీ రాసుకోవడమే.

అప్పుడే విశ్వనాథం గారి సంగతి తెలిసింది. పెద్దాయన, డెబ్బై దాటాయి, గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడి లైబ్రరీలో శనివారాలు ఒక గది తీసుకుని, బయటి దేశాల్లో చదువుకుని ఇక్కడ పని దొరకని వాళ్ళందరికీ దారి చెబుతుండేవారు. మనవాళ్ళే కాదు. ఇరాక్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ ఉండేది, కార్పెట్ల కొట్లో పనిచేసేది. ఉక్రెయిన్ నర్సు ఒకామె, ఇళ్ళు తుడిచేది. ఆయన వాళ్ళ కాగితాలు చూసేవారు, ఫోన్లు చేసేవారు, తెలిసిన ఆసుపత్రుల్లో నాలుగు వారాలు పక్కన నిలబడి చూసే అవకాశం అడిగి ఇప్పించేవారు.

"మేము డెబ్బై ఒకటిలో వచ్చినప్పుడు ఆసుపత్రివాళ్ళే ఎయిర్‌పోర్టుకి కారు పంపారమ్మా" అన్నారు జయంతితో. "అప్పుడు వాళ్ళకి డాక్టర్లు చాలలేదు. మాకు తెలివెక్కువై కాదు. నేను లోపలికి వెళ్ళాక ఒక్కో తలుపుకీ ఒక్కో తాళం పెరుగుతూ వచ్చింది, నేను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కూర్చోబుద్ధి కావడం లేదు."

ఆయనకి రోగులు కావాలి, వేషం వేయడానికి. ఇక్కడ పిల్లల దగ్గరికి వచ్చి ఊరికే కూర్చునే మాలాంటి ముసలివాళ్ళని పోగుచేశారు. నవంబరు ఆరు, శనివారం. నేను ముదురాకుపచ్చ చీర కట్టుకుని, పైన శ్రీధర్ కోటు వేసుకుని వెళ్ళాను.

"అక్కయ్యగారూ, మీకు ఇవాళ మూడు రోజులుగా గుండెలో నొప్పి" అన్నారాయన చెవిలో.

"నాకు నిజంగా మోకాలు నొప్పి ఉంది డాక్టరుగారూ, అది చెబితే పోలా?"

"మోకాలు వచ్చేవారం. ఇవాళ గుండె."

"అయితే ఎడంపక్కనా, మధ్యలోనా? ఎక్కడ పట్టుకోమంటారు?"

"మీరసలు సినిమాల్లో ఉండాల్సింది" అని ఆయన గడియారం నొక్కారు.

జయంతి ఇంగ్లీషులో అడిగేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. నాకు ఇంగ్లీషు రాదు, అయినా పర్వాలేదన్నారు, పరీక్ష ఆమెకే గాని నాకు కాదు గదా. ఆయన పక్కన కూర్చుని జయంతి ఇంగ్లీషు వింటూ కాగితం మీద టిక్కులు పెట్టేవారు. మొదటి శనివారం అయ్యాక, "ఇంగ్లీషు బానే ఉందమ్మా. కాస్త నిదానంగా" అన్నారు. రెండో శనివారం కూడా అదే అన్నారు. జయంతి ఇంటికొచ్చి మళ్ళీ సీడీ పెట్టుకుంది.

మూడో శనివారం, ఇరవయ్యో తేదీ. ఆవేళ నాకు కడుపులో గడ్డ. జయంతి అంతా అడిగింది, కడుపు నొక్కి చూసింది, నా కొంగు మళ్ళీ సర్దింది. తర్వాత జబ్బేమిటో చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఇంగ్లీషు నాకు అర్థం కాదు, ఊరికే ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. ఆమె నన్ను చూడటం లేదు. నా పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంది. దాన్ని చూస్తూ చెబుతోంది. వాలకం కూడా మారింది, గొంతు తగ్గింది, కాస్త ముందుకి వంగింది. ఆ కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉంది. మొన్న గుండె నొప్పప్పుడూ, అటుపైన ఆయాసమప్పుడూ ఇంతే, నాకప్పుడు గుర్తొచ్చింది.

పావుగంట అయింది. గడియారం కూసింది. విశ్వనాథం గారు టిక్కులు లెక్కపెట్టుకుంటున్నారు.

"అమ్మాయ్, ఒక మాట" అన్నాను. "రోగం నాది కదా. ఆ కుర్చీకి చెబుతావేమిటి?"

"ఏ కుర్చీ అత్తయ్యా?"

"ఇదిగో ఇది. నొప్పి ఎక్కడుందో నన్నే అడిగావు. నిన్నేం తిన్నావో నన్నే అడిగావు. జబ్బు సంగతి వచ్చేసరికి నన్ను వదిలేసి దాంతో మాట్లాడావు. మూడు వారాల్నుంచీ ఇంతే. కుర్చీ లేని రోజున తలుపుతో మాట్లాడావు."

విశ్వనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను చెవులతో చూశానక్కయ్యగారూ" అన్నారు.

జయంతి ఆ కుర్చీనే చూస్తూ చెప్పింది. "అక్కడ రోగి పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు అత్తయ్యా. కొడుకో, మొగుడో, అన్నో. నేను చేరిన మొదటి నెల్లో ఒకాయనకి ఉన్న విషయం ఆయనతోనే చెప్పేశాను. వాళ్ళ తమ్ముళ్ళు నలుగురు వచ్చి బల్ల తిరగేశారు. మనిషిని సగం చంపేశావు గదే అన్నారు. మా పెద్ద డాక్టరు పిలిచి, జబ్బు సంగతి ఎప్పుడూ బంధువులకి, అదీ వరండాలో చెప్పు, రోగికి ధైర్యం చెప్పు అన్నారు. ఏడేళ్ళు అలాగే చేశాను."

అదమ్మా సంగతి. అక్కడ బల్ల తిరగేసినందుకు ఇక్కడ గీత తగ్గింది. ఇక్కడి పద్ధతిలో రోగి ఎదురుగా కూర్చుని, మొహం చూసి, నీకిది ఉంది అని చెప్పాలి. ఆ వేషం వేసినవాళ్ళకి మా పిల్ల ఇంగ్లీషు అర్థమైంది. తమతో మాట్లాడటం లేదని కూడా అర్థమైంది. మాకు మాత్రం ఎనిమిది నెలలూ నాలుక తప్ప ఇంకేమీ కనిపించలేదు.

తెలిశాక సులువైపోతుందనుకున్నాను. కాలేదు. విశ్వనాథం గారు కుర్చీ బయట పెట్టించారు. జయంతి నన్ను చూసి చెప్పబోయింది, సగంలో ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, చూపు నా నుదుటి మీదికి, అక్కణ్ణించి గోడ మీదికి పోయింది. ఏడుసార్లు చేయించారు. ఏడోసారి, "రేపు చెబుతాను, మీరు విశ్రాంతి తీసుకోండి" అనే అర్థం వచ్చేటట్టు ఏదో అందట. ఆయన నాకు తెలుగులో చెప్పి, "పరీక్షలో రేపు ఉండదమ్మా" అన్నారు.

పరీక్షకి ఇంకా పదమూడు రోజులు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది నీకర్థం కాదు. అక్టోబరులో నాకు నీరసంగా ఉందని శ్రీధర్ క్లినిక్కి తీసుకెళ్ళాడు. నెత్తురు తీశారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ డాక్టరమ్మ పావుగంటసేపు మాట్లాడింది. ఫోన్లో తెలుగు మాట్లాడే దుబాసీని పెడతామని అడిగారట, వీడే వద్దన్నాడు, నేను చెబుతాలెండి అన్నాడు. ఆవిడ పావుగంట మాట్లాడినదాన్ని వీడు నాకు, "బలానికి మంచి తిండి తినమంటోందమ్మా, మూడు నెలలకోసారి రమ్మంటోంది" అని చెప్పాడు. ఇంగ్లీషు మరీ అంత పొడుగు భాషా అనుకున్నాను. తర్వాత ఇంట్లో నన్ను గిన్నె కడగనివ్వలేదు. దానిమ్మపళ్ళు డజన్లకొద్దీ వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, శ్రీధర్ నాతో వాదించడం మానేశాడు. నా కొడుకు నాతో వాదించడం లేదంటే ఏదో ఉందని నాకు తెలీదూ!

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో శనివారం లైబ్రరీ మూశారు. ఇంట్లోనే చేద్దామని మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. నైనిక పైన బొమ్మలు వేసుకుంటోంది. జయంతి కాగితం తీసి, "ఇవాళ మీకు ఊపిరితిత్తుల్లో..." అని మొదలుపెట్టింది.

"ఆ కాగితం పక్కన పెట్టమ్మా" అన్నాను. "ఇవాళ నాకు వేషం వద్దు. అక్టోబరులో నా నెత్తురు తీశారు కదా, అందులో ఏముందో చెప్పు."

జయంతి చేతిలో పెన్ను ఆగింది. అటుపక్క హాల్లో టీవీ చూస్తున్న శ్రీధర్ ఒక్క అంగలో వచ్చేశాడు.

"అమ్మా, అదేం లేదు. జయా, వద్దని చెప్పానా నీకు?"

"చూశావా, లేనిదాన్ని చెప్పొద్దని చెప్పావటరా" అన్నాను. "నువ్వు వెళ్ళి అక్కడ కూర్చో. ఈ బల్ల దగ్గర కాదు, దూరంగా. నువ్వు ఇక్కడుంటే అది నీ మొహం చూసి చెబుతుంది."

"అమ్మా, నీకు తెలీదు..."

"తెలీదు కాబట్టే అడుగుతున్నాను."

వాడు కూర్చోలేదు. ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు, మొహం అటు తిప్పుకుని. జయంతి నాకేసి చూసింది. నిజంగా నాకేసే.

"ఇంగ్లీషులో చెప్పు, నీకు అభ్యాసం అవుతుంది" అన్నాను. "తర్వాత తెలుగులో చెబుదువుగాని."

ఒక్కసారి నవ్వొచ్చింది ఆ పిల్లకి, కళ్ళలో నీళ్ళతోనే. తర్వాత అడిగింది. "అత్తయ్యా, మీకు మొత్తం చెప్పమంటారా? కొంతే చెప్పమంటారా? అసలు ఎవరికి చెప్పాలో మీరే చెప్పండి."

ఉజ్వలా, నాకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. నా ఒంటి సంగతి ఎవరికి చెప్పాలని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. పెళ్ళికి ముందు మా నాన్నకి చెప్పేవారు, పెళ్ళయ్యాక మా ఆయనకి, ఆయన పోయాక వీడికి.

"మొత్తం నాకే చెప్పు" అన్నాను.

చెప్పింది. ముందు ఇంగ్లీషులో, ఆపకుండా, నా కళ్ళలోకి చూస్తూ. తర్వాత తెలుగులో. నెత్తురులో తెల్లకణాల క్యాన్సరు. అందులో నిదానంగా సాగే రకం. ఇప్పుడే మందు అక్కర్లేదు, మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలి. ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవచ్చు, ఉండకపోనూ వచ్చు. జ్వరం వస్తే అశ్రద్ధ చేయకూడదు. నేను మూడు ప్రశ్నలు అడిగాను. మూడింటికీ జవాబు చెప్పింది. ఒకదానికి, "అది నాకు తెలీదత్తయ్యా" అంది.

"అయితే గిన్నెలు కడగొచ్చా?"

"కడగొచ్చు."

"మరి ఈ దానిమ్మకాయలు?"

"అవి మీ అబ్బాయి వైద్యం, నాది కాదు" అంది.

శ్రీధర్ గరాజ్‌లోకి వెళ్ళి అరగంట రాలేదు. వచ్చాక, నువ్వలా అడగాల్సింది కాదని నాతో గట్టిగా వాదించాడు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ సాయంత్రం ఎవరికీ ఆకలి వేయలేదు గాని, ఉప్మా చేస్తే అందరూ తిన్నాం.

తర్వాతి వారంలో జయంతి నామీద ఇంకో ఇరవై జబ్బులు అభ్యాసం చేసింది. విశ్వనాథం గారు బుధవారం ఇంటికొచ్చి చూశారు. ఆయన టిక్కుల కాగితం తీయలేదు, ఆమె మొహమే చూశారు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఈ అడగడం ఒకటి ఉంది చూడమ్మా, ఎవరికి చెప్పాలని, దాన్ని వదలకు" అన్నారు.

డిసెంబరు రెండున బయల్దేరాం. చికాగో పక్కనే ఆరోరాలో మా చెల్లెలి కూతురు సుధ ఇంట్లో దిగాం. మర్నాడు పొద్దున్నే శ్రీధర్ డ్రైవ్ చేసి తీసుకెళ్ళి దింపాడు. సాయంత్రం నేనూ కారులో వెళ్ళాను, పెరుగన్నం డబ్బాతో. జయంతి బయటికొచ్చి కారెక్కి డబ్బా మూత తీసింది.

"ఎలా జరిగింది?"

"లోపలి సంగతి ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టానత్తయ్యా."

"జబ్బులడిగానా? నువ్వెలా ఉన్నావని అడిగాను."

"ఆకలేస్తోంది" అంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఇంకో మాట లేదు.

ఫలితం ఫిబ్రవరి రెండున, బుధవారం. ముందురోజు నుంచీ మంచు తుఫాను. స్కూళ్ళు మూశారు, శ్రీధర్ ఆఫీస్‌కి వెళ్ళలేదు. అందరం ఇంట్లోనే. పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చుంది. శ్రీధర్ వెనకాల నిలబడబోతే, "మీరు కాదు, నేను చూస్తాను" అంది. చూసింది. పాసైంది. ఆసుపత్రికి కాగితం ఆ క్షణమే పంపింది, గడువుకి పద్దెనిమిది రోజుల ముందు. మార్చిలో ఆసుపత్రి వాళ్ళు తీసుకున్నట్టు కబురొచ్చింది. జూలైలో రెసిడెంటుగా చేరింది. అప్పటికి ఆమెకి ముప్పై తొమ్మిది. ఆమె పై డాక్టరుకి ఇరవై తొమ్మిది. ఆ పిల్లవాడు మొదటిరోజు కాఫీ మెషీను ఎక్కడుందో చూపించి, "మీకు అనుభవం ఉందా?" అని అడిగాడట. "కొంచెం" అన్నదట.

ఇంకొక్క సంగతి, అయిపోతుంది. చేరిన రెండో నెలలో ఒక తెలుగు పెద్దాయన వచ్చారట ఆ ఆసుపత్రికి. పేరు చెప్పలేదు, చెప్పకూడదట. కొడుకు కారిడార్లో జయంతిని పట్టుకుని, "మేడమ్, మీరూ మనవాళ్ళే కదా, నాన్నగారికి మాత్రం చెప్పకండి" అన్నాడట. జయంతి లోపలికెళ్ళి మంచం పక్కన కూర్చుని, "బాబాయ్ గారూ, మీ రిపోర్టులు వచ్చాయి. మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?" అని అడిగింది.

ఆయన, "మా అబ్బాయికే చెప్పమ్మా. నాకొద్దు. నేను ఈ నెల్లో మనవడి పెళ్ళి చూసుకోవాలి" అన్నారట.

"మరేం చేశావు?" అన్నాను నేను.

"ఆయన మాట ప్రకారం అబ్బాయికే చెప్పానత్తయ్యా. వద్దన్నారని చార్టులో రాశాను. మనసు మారితే పిలవమని ఆయనకి చెప్పాను."

నాకు కాస్త విడ్డూరంగానే అనిపించింది. నేనైతే తెలుసుకుంటాను. కానీ ఆయన నేను కాదు. ఆ పిల్ల అడిగింది, ఆయన చెప్పారు. అంతే.

ఇప్పుడు రెండువేల పదిహేను. ఆ నిదానపు జబ్బు ఇంకా నాతోనే ఉంది. దాని దారిన అది, నా దారిన నేను. విశ్వనాథం గారు చూపు తగ్గి శనివారాలు మానేశాక, ఆ గదిని జయంతి తీసుకుంది. ఆ ఇరాక్ డాక్టరమ్మ ఇప్పుడు పళ్ళు చూస్తోంది, నావి కూడా రెండు పీకింది. ఉక్రెయిన్ నర్సు మాత్రం మధ్యలో మానేసింది, ఎక్కడుందో తెలీదు. అందరికీ కుదురుతుందని నేను చెప్పను.

నీ ఇంగ్లీషు బాలేదో, ఇంకేదైనా ఉందో నాకు తెలీదమ్మా. వచ్చే శనివారం రా. నాకు మోకాలు నిజంగానే నొప్పి, వేషం అక్కర్లేదు. ఇక్కడి రోగికి చెప్పినట్టే చెప్పి నడిపించు. నేను నీ మాటలు వినను, నిన్ను చూస్తాను.

ఇంకొకటి. ఇది విని ఊరుకోకు. నీ వెనకాల ఇంకొక అమ్మాయి ఇలాంటి ఫైలే పట్టుకుని వస్తుంది, నాదే తప్పు అనుకుంటూ. ఆ పిల్లని కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. తేదీలు గుర్తు పెట్టుకో, అవి తప్పితే మనుషులు నమ్మరు. విశ్వనాథం గారికి కూడా మూడు వారాలు కనబడలేదన్న సంగతి దాచకు, కానీ మర్యాదగా చెప్పు, పెద్దాయన. మా శ్రీధర్ దానిమ్మపళ్ళ సంగతి కావాలంటే వదిలెయ్. ఉక్రెయిన్ ఆవిణ్ణి మాత్రం వదలకు, ఆవిడ మానేసిందని కూడా చెప్పాలి.